సర్వర్లు పెంచితే సరిపోదు

అయ్యా,

సేవలు ఆగాయనగానే ‘సర్వర్లు పెంచాల్సింది’ అనేస్తుంటారు. ఒకే డేటాను దాచుకుని, మెజారిటీ ఓటుతో నడిచే సర్వర్ల గుంపులో (క్లస్టర్‌లో) అదంత తేలిక కాదు. మూడింటిని ఒకేసారి అయిదు చేస్తే, మార్పు కబురు అందని రెండు పాత సర్వర్లు ‘3లో 2 మావే’ అంటాయి; మిగతా మూడూ ‘5లో 3 మావి’ అంటాయి. మార్పులు నడిపించే లీడర్ ఒకటే ఉండాల్సిన చోట ఇద్దరు లీడర్లు, రెండు రకాల డేటా! అందుకే ఒక్కొక్కటే చేర్చాలి.

మూడింటిలో ఒకటి చెడిపోయి ఉంటే ముందు దాన్ని తీసేయాలి. అలా కాక నాలుగోది చేర్చామా, మెజారిటీ 3 అవుతుంది. కొత్తది లేవకపోతే బతికున్నవి రెండే. ఆ కొత్తదాన్ని తొలగించడానికీ ఓట్లు చాలవు. కొత్తదాన్ని మొదట ఓటు లేని లెర్నర్‌గా పెట్టి, లాగ్ (మార్పుల చిట్టా) పూర్తిగా అందుకున్నాకే ఓటివ్వాలి. ఇలాంటి క్లస్టర్‌గా నడిచే ఎట్‌సీడీ అనే డేటా స్టోర్‌లో 3.4 వెర్షన్ నుంచే ఈ సదుపాయం ఉన్నా వాడేవాళ్లు తక్కువేమో అనిపిస్తుంది.

– ఒక సిస్టమ్స్ ఇంజినీర్