పళ్ల కణాల సారం మీద పనిచేస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకు,

అమ్మ ఆశీస్సులు. ఆపిల్ కణాల సారం యాంటీఆక్సిడెంట్‌గా, అంటే ఆక్సీకరణ నష్టాన్ని ఆపేదిగా పనిచేస్తోందని, వాపునూ తగ్గిస్తోందని, మొదటి ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయని రాశావు. చాలా సంతోషం. అయితే మొదటిసారే బ్రహ్మాండంగా వచ్చిన ఫలితాన్ని నేను కాస్త అనుమానంగా చూస్తాను, నీకు తెలుసుగా.

మీ పనిలో నాకు అన్నిటికన్నా ముచ్చటైనది కాలస్, అంటే ఏ రూపమూ లేని మొక్క కణాల ముద్ద. మొక్క నుంచి చిన్న ముక్క కోసి, పోషకాలూ హార్మోన్లూ ఉన్న మాధ్యమంలో పెడితే, అంతవరకు ఒకే పనికి కట్టుబడిన కణాలు దాన్ని వదిలేసి మళ్లీ విభజన మొదలుపెడతాయి. ఒక్క కణం నుంచి మొక్కనే పెంచవచ్చని 1902లో వృక్షశాస్త్రవేత్త హేబర్‌లాంట్ ఊహించాడు. 1958లో స్టీవార్డ్ క్యారట్ కణాల నుంచి మొక్కను రప్పించి చూపాడు. ఒక్క విషయం మాత్రం మరిచిపోకు: చీకట్లో పెరిగిన కాలస్‌లో పండు తొక్కలో ఉండే రంగు పదార్థాలన్నీ ఉండాలని లేదు. వెలుతురు, హార్మోన్ల మోతాదు మారితే సారమూ మారుతుంది. కాబట్టి పండు గురించి తెలిసినదంతా సారానికి అంటగట్టకు.

యాంటీఆక్సిడెంట్ గుణాన్ని కొలిచే డీపీపీహెచ్ పరీక్షలో ఆ రసాయనం ఊదారంగు పోయిందంటే పరీక్షనాళికలో ఒక రసాయన చర్య జరిగిందని మాత్రమే. శరీరంలో ఏం జరుగుతుందో అది చెప్పదు. ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ శక్తికి ఇలాంటి పరీక్షనాళిక అంకెలే ఇచ్చిన ఓఆర్ఏసీ పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైటు నుంచి తీసేసింది.

వాపును తగ్గించే గుణం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. బ్యాక్టీరియా పై పొరలోని లిపోపాలీశాకరైడ్‌తో మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలను రెచ్చగొట్టి, సారం వేశాక అవి వాపు సంకేతంగా విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిందని చూపావు. సారం వల్ల వాపు సంకేతం తగ్గిందా, లేక కణాలే చనిపోయాయా? బతికి ఉన్నాయో లేదో ఎంటీటీతో, అంటే బతికున్న కణాలు రంగు మార్చే రసాయనంతో, తేలుస్తానంటావేమో. మొక్కల్లో ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఎంటీటీని తామే రంగు మార్చగలవు, కణాలు లేకపోయినా సరే! అంతేకాదు, కొన్ని పాలీఫినాల్స్ కల్చర్ మాధ్యమంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. ఆ స్వల్ప ఒత్తిడికే కణం రక్షణ జన్యువులను నడిపే ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్‌ను మేల్కొలిపి సొంత రక్షణ ఎంజైములను తయారు చేసుకోవచ్చు. యాంటీఆక్సిడెంట్ అనుకున్నది కాస్త ఆక్సిడెంట్‌గా మారి మేలు చేయడం నాకు భలే సరదాగా ఉంటుంది.

క్రీముల ప్రకటనల్లోని ‘మూలకణాలు’ నిన్ను మురిపించకూడదు. సారం తీసేటప్పుడు కణాలను పగలగొడతారు కాబట్టి అందులో బతికున్న కణమేదీ ఉండదు. ఉన్నా, చర్మపు పై పొరను దాటి లోపలికి వెళ్లడం 500 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం) దాటిన అణువులకే కష్టం. మింగితే మేలు తప్పదనుకోవడమూ పొరపాటే. ఫిన్లండ్‌లో పొగతాగేవారికి బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో బయటపడింది.

నిన్ను నిరుత్సాహపరచాలని కాదమ్మా. వచ్చే ఉత్తరంతో కణాలు లేని గిన్నెల అంకెలు, సారం లేకుండా దాన్ని కరిగించే ద్రావణి మాత్రమే వేసిన గిన్నెల అంకెలు, వేరే బ్యాచ్ కాలస్‌తో చేసిన ఫలితాలు పంపు. గ్రాఫు కన్నా ముందు వాటినే చూస్తాను.

ప్రేమతో,
అమ్మ