మాత్రలు మాన్పించిన హెడ్డింగు

సంపాదకులు గారికి నమస్కారం.

2025 యోగా దినోత్సవం వెళ్లిన రెండు వారాలకు మా బడికి ఒక తండ్రి వచ్చాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. మీ పేపరు కటింగే. ‘ఏకాగ్రత లోపానికి యోగాతో చెక్’ అని పెద్దక్షరాల్లో ఉంది. “ఇది చదివి బాబుకి మాత్రలు ఆపేశాను సార్. మీరెలాగూ రోజూ యోగా చేయిస్తున్నారు కదా” అన్నాడు. ఆపేసి అప్పటికే పది రోజులట.

నేను విజయనగరం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో పీఈటీని. యోగాని తీసిపారేయడానికి రాయడం లేదు, పొద్దున్నే పిల్లల చేత చేయించేది నేనే.

ఈ కుర్రాడు నిరుడు ఆరో తరగతిలో చేరాడు. బెల్టు ఊడదీసి మళ్లీ పెట్టుకోవడం, పక్కవాడి పెన్ను మూత నమలడం, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేయడం. అందరూ ‘కోతి’ అనేవారు. నేనూ అన్నాను. 2024 యోగా దినోత్సవానికి రిహార్సల్ చేస్తుంటే వరస చెడగొడుతున్నాడని వాణ్ని పక్కకి లాగి నీళ్ల ట్యాంకు దగ్గర కూర్చోబెట్టాను. పెద్దవాళ్లు చూడ్డానికొస్తున్నారు, వరస నీటుగా ఉండాలని నా తాపత్రయం. యోగా ఎవరికి ఎక్కువ అవసరమో వాణ్నే బయట కూర్చోబెట్టానని అప్పుడు తట్టలేదు.

మా సైన్సు మేడమ్ పట్టుబట్టి వాళ్ల అమ్మానాన్నల్ని జిల్లా కేంద్రంలో డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే ప్రభుత్వ కేంద్రానికి పంపించారు. అక్కడి డాక్టరమ్మ ఇంట్లో ఎలా ఉంటాడో వాళ్లని, బడిలో ఎలా ఉంటాడో మమ్మల్ని విడివిడిగా అడిగి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లేని సమస్య) అని తేల్చారు. ఒక్కచోటే అల్లరి చేస్తే ఆ పేరు పెట్టరట. ఈ కేంద్రాలు నడిచే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013 నుంచి ఉంది. 18 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితంగా చూసే సమస్యల జాబితాలో ఇదీ ఒకటి. నాకే తెలీదు, ఇక తల్లిదండ్రులకేం తెలుస్తుంది?

యోగా సంగతికొస్తాను. మొదట అందరితో పాటు పద్మాసనం వేయించి కళ్లు మూసుకోమన్నాను. అర నిమిషానికి ఒక కన్ను తెరిచాడు, నిమిషానికి లేచాడు. అప్పుడు వరస తిరగేశాను. ముందు గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు పరుగు. తర్వాత ఆరు సూర్య నమస్కారాలు. ఒంట్లో ఉరకలు కాస్త తగ్గాక వృక్షాసనం. “వేప చెట్టుకి కొట్టిన మేకు కనిపిస్తోందా? దాన్నే చూడు” అంతే చెబుతాను. మాట పొడుగైతే వాడు మధ్యలోనే వెళ్లిపోతాడు. మొదట్లో నాలుగు అంకెలు లెక్కపెట్టేసరికి కాలు దిగిపోయేది. దసరా సెలవులకి కుడి కాలి మీద ఇరవై దాకా వచ్చింది. ఎడమ కాలు ఇప్పటికీ తడబడుతుంది. చివర్న భ్రామరి. చెవులు బొటనవేళ్లతో మూసుకుని ‘మ్మ్’ అంటుంటే “సార్, తలకాయలో మోటారు తిరుగుతోంది” అని ఎగిరాడు. మొత్తం కలిపి పన్నెండు నిమిషాలు. ఇప్పుడు అంకెలు లెక్కపెట్టే పని వాడికే ఇచ్చాను, దాంతో వాడికి ఎక్కడలేని పెద్దరికం వచ్చింది.

ఫలితం ఎంత? మా లెక్కల మేడమ్ మాటలో చెప్పాలంటే, “మొదటి పీరియడు కూర్చుంటున్నాడు, మూడో పీరియడుకి మామూలే.” అంతే. ఆ ఒక్క పీరియడు కూడా మాత్ర వేసుకున్న రోజుల సంగతి. అది లేని ఆ పది రోజుల్లో నోటు పుస్తకం ఖాళీ, రెండు తగువులు, ఒక చెప్పు గల్లంతు.

తండ్రిని తప్పు పట్టలేను. మాత్ర మొదలెట్టాక మధ్యాహ్న భోజనం సగం వదిలేస్తున్నాడని ఆయన బెంగ. పిల్లాడు చిక్కిపోతుంటే చూడలేక, మీ హెడ్డింగు కనపడగానే దేవుడే రాయించాడనుకున్నాడు. ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ తిట్టలేదు. బరువు తూచి, టిఫిను తిన్నాకే మాత్ర వెయ్యమని, రాత్రి గట్టిగా పెట్టమని, ఆకలి మరీ తగ్గితే సొంతంగా ఆపకుండా తన దగ్గరికి రమ్మని చెప్పారు. “యోగా మానొద్దు” అని కూడా అన్నారు.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో వార్డులో ఉన్న ఇలాంటి పిల్లలకి యోగా నేర్పి చూసి 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. లక్షణాలు తగ్గాయనే రాశారు. కానీ పిల్లలు తొమ్మిది మంది, అదీ జరుగుతున్న వైద్యానికి తోడుగా. ‘తోడు’కీ ‘చెక్’కీ ఎంత దూరమో పేపరు నడిపేవాళ్లు మీకు నేను చెప్పాలా? విశాఖ బీచ్‌లో 3 లక్షల మందికి పైగా ఆసనాలు వేసిన రోజు ఆ ఉత్సాహంలో రాశారనుకుంటాను. అయినా మా ఊళ్లో అది డాక్టరు చీటీలా పనిచేసింది.

ఒక దిద్దుబాటు వెయ్యండి. యోగా చేయించండి, మాత్ర మాత్రం డాక్టరుని అడగకుండా ఆపకండి అని రెండు లైన్లు చాలు. దగ్గర్లో డాక్టరు లేనివాళ్ల కోసం, ఫోన్లో మానసిక ఆరోగ్య సలహా చెప్పే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 కూడా వెయ్యండి. పాత కటింగు ఆ తండ్రి నన్ను తిరిగి అడిగాడు, వెనకవైపు వరి విత్తనాల ప్రకటన ఉందట. ఇవ్వలేదు. మీ దిద్దుబాటు వచ్చాక రెండూ కలిపి ఇస్తాను.

– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా