గుత్తికోయ గూడేలకు మిడ్‌వైఫ్‌లు ఎప్పుడొస్తారు? ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మిడ్‌వైఫ్‌ల, అంటే కాన్పులు చేయడానికి ప్రత్యేక శిక్షణ పొందిన నర్సుల విషయంలో మన రాష్ట్రం అందరికంటే ముందు నడిచింది. ఫెర్నాండెజ్ ఆస్పత్రి, యునిసెఫ్ తోడ్పాటుతో 2017లోనే కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల శిక్షణ మొదలైంది. కేంద్రం మార్గదర్శకాలు 2018 చివర్లో గానీ రాలేదు. ఆ ఘనత మీ శాఖదే. మరి ఆ సేవ గోదావరి పక్క అడవుల్లోకి ఎప్పుడొస్తుంది?

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక అక్కడి బస్తర్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన గుత్తికోయ ఆదివాసీలు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లో గూడేలు కట్టుకున్నారు. వాన పడితే వాగు దాటడమే గండం. డేట్‌కు ముందే గర్భిణిని తెచ్చి ఆస్పత్రి దగ్గర ఉంచుతున్నారు, మంచిదే. కానీ ఇంటి దగ్గర పిల్లలు, కూలి పని, ఇక్కడ తన భాష వచ్చినవాళ్ళు ఒక్కరూ ఉండరు. రెండు రోజులకే చెప్పకుండా వెళ్ళిపోయినవాళ్ళను చూశాను.

లేబర్ రూమ్ సంగతి చెబుతాను. ఇంటి దగ్గరైతే ఆమె గొంతుక్కూర్చుని కంటుంది, వెనక నుంచి అత్తో అక్కో పట్టుకుంటుంది. ఇక్కడ టేబుల్ మీద వెల్లకిలా పడుకోబెడతారు. అత్త తలుపు బయట. "ముక్కమ్మా, ముక్కు!" అని తెలుగులో అరుస్తారు. ఆమెకు అర్థమయ్యేది ఆ గొంతులోని కోపం ఒక్కటే. రెండో కాన్పుకు ఆమె రాకపోతే ఆశా కార్యకర్తను తిడతారు!

శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉంటే పక్కన మనిషిని ఉండనిస్తుంది, అనువైన భంగిమలో కననిస్తుంది, తేడా కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు అప్పగిస్తుంది. నేను పాతకాలపు మంత్రసాని పద్ధతిని తిరిగి తెమ్మనడం లేదు.

ఇంకో భయం కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే 44.5 శాతం. పట్నంలో ఉండే ఆమెకు కోత పడితే మళ్ళీ కాన్పుకు ఆస్పత్రి పక్కనే ఉంటుంది. వాగు అవతల ఉన్న ఆమెకు పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరిగితే ఎవరు దిక్కు? అవసరం లేని మొదటి ఆపరేషన్‌ను ఆపడం అన్నిటికంటే ముందు ఇక్కడే జరగాలి.

ఈ మిడ్‌వైఫ్ శిక్షణకు జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ ఉండాలి. కోయ భాష మాట్లాడే ఏఎన్‌ఎంలకు (ఊళ్ళలో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకు) ఆ చదువు లేక అక్కడే ఆగిపోతున్నారు. గుత్తికోయ పిల్లల సంగతి ఇంకా కష్టం, ఇక్కడ వాళ్ళకు ఎస్టీ సర్టిఫికెట్ దొరకదు కాబట్టి రిజర్వేషన్ సీటు ఊసే లేదు. అందుకే కులం కాగితం అడగకుండా, భాష వచ్చినవాళ్ళకు భద్రాచలం, ఏటూరునాగారం ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) నుంచి కొన్ని సీట్లు కేటాయించండి. జీఎన్‌ఎం ఫీజు, హాస్టల్ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. చదువు పూర్తయ్యాక పోస్టింగ్ ఏజెన్సీలోనే ఇవ్వండి, స్టాఫ్ తక్కువున్నారని వాళ్ళను జనరల్ వార్డు డ్యూటీకి లాగొద్దని రాతపూర్వకంగా ఉత్తర్వు కూడా ఇవ్వండి. నోటి మాటగా చెబితే నెల కూడా నిలవదు, నా సర్వీసంతా చూసిందదే.

వచ్చే బ్యాచ్ నోటిఫికేషన్‌లోనే ఈ సీట్లు ఉంటాయని ఆశిస్తూ,

పదవీ విరమణ చేసిన ఒక స్టాఫ్ నర్సు,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా