తర్వాత మార్చలేనివి ముందు చూసుకో

అమ్మలూ,

ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనకు. యూనివర్సిటీలో మీ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ వాడిస్తారో తెలిసేదాకా ఆగు. సాలిడ్‌వర్క్స్ లాంటి త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్లు విండోస్ మీదే నడుస్తాయి. మ్యాక్ కొనేశాక ఆ సంగతి తెలిస్తే చేయగలిగింది పెద్దగా ఉండదు. ఆర్మ్ ప్రాసెసర్ (ఫోన్లలో వాడే రకం) ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీ బాగా వస్తుంది గానీ, కొన్ని ల్యాబ్ పరికరాలను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు వాటికి దొరకవు. క్రోమ్‌బుక్ వ్యాసాలు రాసుకోవడానికి, బ్రౌజర్‌లో అయ్యే పనులకు చాలు. మామూలు విండోస్ ప్రోగ్రాములు దానిలోకి ఎక్కవు.

ఎంచుకునేటప్పుడు ఒక్క లెక్క పట్టుకో. తర్వాత మార్చుకోగలిగిన భాగం ఇప్పుడు కాస్త తక్కువదైనా పరవాలేదు. మార్చలేని భాగం మాత్రం మొదటే సరిగ్గా ఉండాలి. స్క్రీన్, కీబోర్డు, ప్రాసెసర్, బరువు ఈ రెండో కోవలోకి వస్తాయి. చాలా సన్నటి మోడళ్లలో ర్యామ్ (తెరిచి ఉన్న పనులను తాత్కాలికంగా పట్టి ఉంచే మెమరీ) కూడా ఇందులోకే వస్తుంది, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. 8 జీబీలో విండోస్, వెనక నడిచే ప్రోగ్రాములు కలిసి సగం దాకా తినేస్తాయి. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ కూడా అందులోంచే వాటా తీసుకుంటుంది. ఇక వీడియో క్లాసు, ఇరవై ట్యాబులు, ఒక పెద్ద పీడీఎఫ్ తెరిస్తే ర్యామ్ నిండిపోతుంది. పట్టనిదాన్ని సిస్టమ్ ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ మీదికి తోస్తూ, కావలసినప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకుంటూ ఉంటుంది. ర్యామ్‌తో పోలిస్తే ఎస్‌ఎస్‌డీ చాలా నెమ్మది కాబట్టి అంతా ఆగి ఆగి నడుస్తుంది. జనం అది ప్రాసెసర్ లోపమనుకుంటారు. వివరాల పేజీలో ‘ఆన్‌బోర్డ్’ అనో, ‘సోల్డర్డ్’ అనో, ‘ఎల్‌పీడీడీఆర్’ అనో కనిపిస్తే ఆ ర్యామ్ దాదాపుగా మదర్‌బోర్డుకు అతికించిందే, తర్వాత పెంచలేవు. ఖాళీ స్లాట్ ఉన్న మోడల్ అయితే ఇప్పుడు 8 జీబీతో తీసుకుని రేపు ఇంకో 8 వేసుకోవచ్చు. రెండు ర్యామ్ కడ్డీలు ఉంటే గ్రాఫిక్స్ కూడా చురుగ్గా నడుస్తుంది.

స్టోరేజీ విషయంలో అంత భయం అక్కర్లేదు. ఎం.2 అనే స్లాట్‌లో కూర్చునే ఎస్‌ఎస్‌డీ అయితే 256 జీబీతో మొదలుపెట్టినా తర్వాత తీసి పెద్దది వేసుకోవచ్చు. అయితే పొడవు చూసుకో. 2280 రకం 80 మిల్లీమీటర్లు, 2242 రకం 42 మిల్లీమీటర్లు. పొట్టి దానికి చోటున్న దగ్గర పొడుగుది పట్టదు. ఈఎంఎంసీ అని రాసి ఉన్నది మాత్రం వద్దే వద్దు. అది నెమ్మది, పైగా అతికించి ఉంటుంది. 512 జీబీ అని కొన్నది విండోస్‌లో 476గా కనిపిస్తే మోసం జరిగిందనుకోకు. తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కపెట్టడం వల్ల వచ్చే తేడా అది.

స్క్రీన్ ఐపీఎస్ రకం, కనీసం 1920×1080, వెలుగు 300 నిట్స్ ఉండేలా చూడు. టీఎన్ ప్యానెల్ అయితే తల కాస్త పక్కకు జరిపినా రంగులు మారిపోతాయి. రోజుకు ఆరేడు గంటలు చూసేది నీ కళ్లమ్మా, ఇక్కడ ఆదా చేయొద్దు.

ప్రాసెసర్ పేరు చూసి మురిసిపోకు. పాత తరం ఐ7 కన్నా కొత్త తరం ఐ5 చాలాసార్లు మెరుగు. నంబరు చివర హెచ్ ఉన్నవి ఎక్కువ కరెంటు తాగుతాయి, వేడెక్కుతాయి, లైబ్రరీలో ఫ్యాను మోత పెడతాయి. త్రీడీ డిజైన్ లాంటి పనులు కోర్సులో లేకపోతే గేమింగ్ ల్యాప్‌టాప్ నీకు అనవసరంగా మోసే బరువే.

డబ్బు సరిపోకపోతే కొత్తదాంట్లో చవకది కాకుండా, ఆఫీసుల కోసం చేసిన థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి సెకండ్‌హ్యాండ్‌లో చూడు. కీబోర్డు గట్టిగా ఉంటుంది, విడిభాగాలు దొరుకుతాయి. ఇంటెల్ 8వ తరం లేదా ఆ తర్వాతిదే తీసుకో. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, 8వ తరం కన్నా పాత ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు వేటినీ విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. డబ్బిచ్చే ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో ‘powercfg /batteryreport’ అని కొట్టు. వచ్చిన నివేదికలో తయారైనప్పటి సామర్థ్యం 50,000, ఇప్పటి పూర్తి ఛార్జి 30,000 అని ఉంటే బ్యాటరీ 60 శాతమే మిగిలిందని అర్థం. కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడుగు. తర్వాత వాళ్ల ఎదుటే రీసెట్ చేయించి, ఇంటర్నెట్ కలిపి మొదటి సెటప్ నడిపించు. ఏదో సంస్థ ఈమెయిల్‌తో లాగిన్ అవమని అడిగితే అది ఇంకా ఆ సంస్థ అజమాయిషీలోనే ఉన్నట్టు. అప్పుడు వదిలేసి వచ్చెయ్.

ఛార్జింగు యూఎస్‌బీ-సీ ద్వారా అయితే 65 వాట్ల పీడీ (పవర్ డెలివరీ) ఛార్జర్ ఒక్కటే ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ సరిపోవచ్చు. కానీ ఆ పోర్టు ఉన్నంత మాత్రాన ఛార్జి ఎక్కుతుందని కాదు, వివరాల్లో ఆ మాట ఉందో లేదో చూడు. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కొనకు. చాలా యూనివర్సిటీలు విద్యార్థి ఈమెయిల్‌తో ఉచితంగా ఇస్తాయి, లేదంటే ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ ఉంది. ప్రింటరు, ట్యాబ్లెట్ మొదటి సెమిస్టర్ అయ్యాక ఆలోచించు.

తెచ్చుకున్న రోజే రెండు పనులు చెయ్. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (ఫైళ్లకు వేసే తాళం) ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి వేరేచోట దాచు. మదర్‌బోర్డు మార్చినప్పుడు అది అడుగుతుంది, లేకపోతే నీ ఫైళ్లు నీకే దక్కవు. రెండోది, బయటి డ్రైవు ఒకటి పెట్టుకుని వారానికోసారి కాపీ తీసుకో. క్లౌడ్ సింక్‌నే బ్యాకప్ అనుకోకు. ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది, రీసైకిల్ బిన్ గడువు దాటితే తిరిగి రాదు.

ఒకే పేరుతో వేర్వేరు స్క్రీన్లు, ర్యామ్‌లు అమ్ముతారు. అందుకే నచ్చిన దాని పేరు కాదు, పూర్తి మోడల్ నంబరు పంపు. డిపార్ట్‌మెంట్ జాబితా కూడా జత చెయ్, ఇద్దరం కలిసి చూద్దాం.

ప్రేమతో,
నాన్న