సెబాని తేలు కుట్టిన రోజు

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? మొన్న ఫోన్‌లో "ఎప్పుడో చచ్చిపోయిన ఈజిప్టు ఫారోల కథల్లో నీకేం దొరుకుతుందిరా" అన్నావు కదా, అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నాక్కావలసింది ఫారోలు కాదురా, వాళ్ళకి సమాధులు తొలిచినవాళ్ళు. నైలుకి పడమటి వైపు, ఇప్పటి లక్సర్‌కి ఎదురుగా, డేర్ ఎల్ మెదీనా అని ఒక చిన్న ఊరు ఉండేది. రాజుల లోయలో రాయి కొట్టేవాళ్ళు, గోడల మీద బొమ్మలు వేసేవాళ్ళు పెళ్ళాం పిల్లలతో అక్కడే ఉండేవాళ్ళు. ఊళ్ళో నీళ్ళు లేవు, గాడిదల మీద తేవాల్సిందే. నేనిప్పుడు చదువుతున్న నవల ఆ నీళ్ళు తెచ్చేవాడితోనే మొదలవుతుంది, ఇక వదల్లేకపోయాను. (బరువులు మోయడానికి ఒంటెల్ని దింపే నవలైతే అక్కడే మూసేస్తాను, ఆ రోజుల్లో ఆ పని గాడిదది.)

ఆ ఊరివాళ్ళు రాతి ముక్కల మీద, కుండ పెంకుల మీద అన్నీ రాసుకునేవాళ్ళు. రెండవ రామ్సెస్ అనే ఫారో పాలన 40వ ఏట ఎవరు పనికి రాలేదో, ఎందుకు రాలేదో రాసిన రాతి పలక ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒకడికి కళ్ళు బాగాలేవు, ఒకడు బీరు కాచుకుంటున్నాడు, సెబా అనేవాణ్ణి తేలు కుట్టింది. అంతే, పలక అక్కడితో ఊరుకుంటుంది. ఆ ఊళ్ళో తేలు మంత్రం వేసేవాడు కూడా ఉండేవాడట! మరి ఆ రాత్రి వాణ్ణి లేపడానికి ఎవరు పరిగెత్తారు, సెబా పెళ్ళాం ఏమని ఏడ్చింది, ఇదంతా నవల రాసేవాళ్ళే చెప్పాలి. నాకు ఇష్టమైంది సరిగ్గా ఆ చోటేరా, పలక ఆగిపోయి కథ మొదలయ్యే చోటు.

ఇంకోటి విను. మూడవ రామ్సెస్ పాలన 29వ ఏట వీళ్ళు సమ్మె చేశారు. జీతమంటే గింజలే, ఒక్కొక్కడికి నెలకి 4 ఖార్ల (ఖార్ అంటే అప్పటి గింజల కొలత) గోధుమలు, ఒకటిన్నర ఖార్ల బార్లీ. అవి రాలేదు. నెలలో 18 రోజులు గడిచిపోయాయి, ఆకలేస్తోంది అంటూ పనివాళ్ళంతా కాపలా చోట్లు ఐదూ దాటుకుని వెళ్ళి మూడవ తుత్మోసిస్ అనే పాత ఫారో గుడి వెనకాల కూర్చున్నారు. అమెన్నఖ్త్ అనే లేఖకుడి వల్ల మనకిది తెలిసింది, ఈ సంగతి రాసిన పపైరస్ (రెల్లుతో చేసిన అప్పటి కాగితం) ఇటలీలోని టురిన్‌లో ఉంది. నవలలో ఈ ఘట్టం చదువుతూ రాత్రి రెండింటిదాకా పడుకోలేదు.

అదే ఊళ్ళో నౌనఖ్తె అనే ముసలావిడ పెద్దల ముందు వీలునామా చెప్పింది. ఎనిమిది మందిని పెంచాను, ముసలిదాన్నయ్యాక చూసినవాళ్ళకే ఇస్తాను, చూడనివాళ్ళకి నా ఆస్తి లేదు అని. మీ అమ్మమ్మ పొలం రాసేటప్పుడు అన్న మాట ఇదే కదరా!

పుస్తకం నీకు పార్సిల్ చేస్తున్నాను, ఆవిడ వచ్చే పేజీ మడత పెట్టి ఉంచాను. సంక్రాంతికి హైదరాబాద్ వచ్చావంటే పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీ దగ్గరికి వెళ్దాం. చిన్నప్పుడు భయపడి నా చెయ్యి పట్టుకున్నావు, ఈసారి తీరిగ్గా చూద్దాం.

నీ కోసం ఎదురుచూస్తూ,
నీ మామ