ఫిర్యాదుకు ముందు ఒకసారి కూర్చోండి

సంపాదకులకు,

సోలార్ ప్లాంటు సిద్ధం. గ్రిడ్‌కు కలపాలంటే సబ్‌స్టేషన్‌లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆ ఖర్చెవరిది, ప్లాంటు యజమానిదా, విద్యుత్ సంస్థదా? తగాదా విద్యుత్ ధరలు, వివాదాలు తేల్చే రెగ్యులేటరీ కమిషన్‌కెక్కితే వాయిదాలు, అఫిడవిట్లు, ఆపైన అప్పీళ్లు. ఈలోగా ప్యానెళ్లు ఎండలో ఊరికే పడి ఉంటాయి, బ్యాంకు వడ్డీ మాత్రం ఆగదు.

ముందే మధ్యవర్తి దగ్గర కూర్చుంటే? ఆయన తీర్పు చెప్పడు. ఇరువర్గాలతో విడివిడిగా మాట్లాడతాడు, ఆ మాట బయటకు పొక్కనివ్వడు. ఖర్చు పంచుకోవడం, వాయిదాల్లో కట్టడం, ముందు సగం సామర్థ్యానికే కనెక్షన్ ఇవ్వడం లాంటి దారులు అక్కడే తడతాయి. పాతికేళ్లు ఒకే లైను మీద కాపురం చేయాల్సినవాళ్లు కదా!

అమెరికా ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్‌కు ఫిర్యాదు చేసేవారు, ముందు రాజీమార్గం ప్రయత్నించారో లేదో, లేకుంటే ఎందుకో రాయాలి. ఈ ఒక్క నిబంధన అన్ని కమిషన్లూ పెట్టవచ్చు.

అయితే చర్చల్లో ఫిర్యాదు గడువు దాటిపోకుండా ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇక టారిఫ్, అంటే కరెంటు ధర, సంగతి వేరు. వినియోగదారుడి జేబుకు తగిలే లెక్క తలుపులు మూసుకుని తేల్చేది కాదు, కమిషన్ బహిరంగంగా విచారించాల్సిందే.

– ఒక పాఠకుడు