నాన్నను విశాఖ చేర్చిన ఆ చెల్లికి, ఇంకా కొందరికి

ఈ ఉదయం నాన్నకు గొంతులోని వెంటిలేటర్ ట్యూబ్ తీశారు. గొంతు బొంగురుపోయింది, మాట్లాడొద్దంటే వినడం లేదు. ఫోన్లు చేసినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అన్నయ్య, వదిన, బావ, పిన్ని... మీకు థాంక్స్ అంటే తిడతారు, కాబట్టి అనను. నేను చెప్పాల్సింది అంబులెన్స్‌లో వచ్చిన ఆ చెల్లి గురించి. క్రిటికల్ కేర్ టెక్నీషియన్. పేరు రాయొద్దని తనే అడిగింది. నేనూ ఐసీయూలోనే పనిచేస్తాను, అందుకే ఆమె చేసిన ఒక్కో పని ఎందుకు చేసిందో నాకు తెలుసు. తెలియనివాళ్లకు కూడా తెలియాలని వివరంగా రాస్తున్నాను.

నాన్నది ఉద్దానం. కిడ్నీలు పోయి వారానికి మూడుసార్లు డయాలసిస్ మీద ఉన్న మనిషి. న్యుమోనియా పట్టి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పలాస దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో వెంటిలేటర్ ఎక్కించారు. బీపీ పడిపోకుండా నార్‌అడ్రినలిన్ నడుస్తోంది. రక్తంలో పొటాషియం 6.4, గుండెకు ప్రమాదమైనంత ఎక్కువ. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి బెడ్ దగ్గరే డయాలసిస్ చేసే ఏర్పాటు అక్కడ లేదు. విశాఖ వెళ్లాల్సిందే. 16వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 180 కిలోమీటర్లు.

ఆ అమ్మాయి రాగానే స్ట్రెచర్ లోపలికి తెప్పించలేదు. ముందు కేస్ షీట్ చదివింది. ఛాతీ రెండు వైపులా విన్నది. ట్యూబ్ పెదవి దగ్గర 22 సెంటీమీటర్ల గుర్తు మీద ఉందని చూసి, ప్లాస్టర్ తీసి కొత్తది గట్టిగా వేసింది. ముక్కు గొట్టంలోంచి కడుపులోది లాగేసి సంచికి వదిలింది. తర్వాత అడిగింది: "బాబాయ్‌కి ఫిస్టులా ఏ చెయ్యి?" ఎడమ చెయ్యి. ఫిస్టులా అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి చేతిలో ధమనిని సిరతో కలిపిన చోటు. ఆ చేతి మీద తెల్ల ప్లాస్టర్ అంటించి "బీపీ వద్దు, సూది వద్దు" అని మార్కర్‌తో రాసింది. స్ట్రెచర్ బెల్టు ఆ చేతి మీదుగా పోకుండా చూసి, చేతిని దుప్పటి పైన ఉంచింది.

డయాలసిస్ మనిషికి ఆ చెయ్యే ప్రాణం. బీపీ పడిపోయినా, బెల్టు నొక్కుకున్నా ఫిస్టులాలో రక్తం గడ్డకట్టొచ్చు. వేలు పెడితే పిల్లి గురక పెట్టినట్టు ఒక అదురు తెలియాలి, అది తెలియకపోతే పని అయిపోయినట్టే. పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కూడా ఆ చేతికే బీపీ పట్టీ చుట్టేయడం నేను చూశాను.

ట్రాన్స్‌పోర్ట్ వెంటిలేటర్‌ను ముందు టెస్ట్ లంగ్ (ఊపిరితిత్తిలా ఉబ్బే రబ్బరు సంచి) మీద నడిపి చూసి, తర్వాత నాన్నకు తగిలించి అక్కడే బెడ్ మీద పదిహేను నిమిషాలు ఉంచింది. మార్చేటప్పుడు గాలి పోకుండా ట్యూబ్‌ను క్లాంప్ పెట్టి మూసింది. పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపి ఉంచే ఒత్తిడి) 10 మీద ఉన్న మనిషికి ఒక్క క్షణం గొట్టం ఊడినా గాలితిత్తులు ముడుచుకుపోతాయి, నురగ పైకి తన్నుకొస్తుంది. ఇక చాలామంది పొరపాటు పడేది రేటు దగ్గర, అంటే మెషీన్ నిమిషానికి ఎన్ని ఊపిర్లు ఇవ్వాలన్న దగ్గర. కొత్త మెషీన్‌లో అలవాటుగా 12 పెట్టేస్తారు. నాన్న రక్తంలో ఆమ్లం ఎక్కువగా ఉంది, 22 రేటుతో కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి ఊదుతుంటేనే పీహెచ్ నిలబడుతోంది. 12కి దించితే పీహెచ్ పడుతుంది, అంటే ఆమ్లం ఇంకా ఎక్కువవుతుంది, దాంతోపాటు పొటాషియం ఇంకా పెరుగుతుంది. ఆమె రేటు 22, ఒక్కో ఊపిరికి 420 మిల్లీలీటర్లు అలాగే పెట్టింది. ఎండ్ టైడల్ అంకెను (వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్) ఏబీజీతో (ధమని రక్తపరీక్ష) పోల్చి కాగితం మీద రాసుకుంది.

అప్పుడు ఆక్సిజన్ లెక్క. నాన్న ఊపిరికి నిమిషానికి సుమారు 9 లీటర్లు, మెషీన్‌కు మరో లీటరు, మొత్తం 10. నాలుగు గంటల ప్రయాణానికి 2400 లీటర్లు. దానికి రెట్టింపు, 4800, చేతిలో ఉండాలి. నిండు డి టైప్ సిలిండర్‌లో 7000 ఉంటుంది. గేజ్ చూస్తే సగమే, అంటే 3500. విశాఖ చేరడానికి సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఆమె ఒప్పుకోలేదు. మావాళ్లే అరిచారు, మనిషి పరిస్థితి ఇలా ఉంటే సిలిండర్ గొడవేంటని. గొంతు పెంచకుండా చెప్పింది: "అన్నా, దారిలో లారీ అడ్డం పడి గంట ఆగామనుకో, ఆక్సిజన్ కోసం ఎక్కడికని పరిగెడతాం? సిలిండర్ మార్చాకే ఎక్కిద్దాం." మార్చాకే ఎక్కించింది. విడిగా 1500 లీటర్ల బి టైప్ ఒకటి, చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే, పీప్ వాల్వ్ ఉన్న ఆంబు బ్యాగ్ తల దగ్గర.

నార్‌అడ్రినలిన్ 50 మిల్లీలీటర్ల సిరంజిలో 8 మిల్లీగ్రాములు, గంటకు 6 మిల్లీలీటర్లు. రెండో సిరంజి నింపి, లేబుల్ వేసి, వేరే పంపులో సిద్ధంగా పెట్టింది. పంపు బ్యాటరీ బొమ్మ నిండుగా చూపించినా నమ్మలేదు, ప్లగ్ పీకి కాసేపు నడిపి చూసింది. పాత బ్యాటరీలు నిండుగా చూపించి పది నిమిషాల్లో చచ్చిపోతాయి. కదలకుండా ఉండటానికి అట్రాక్యూరియం, ఎందుకంటే అది ఒంట్లోంచి పోవడానికి కిడ్నీలతో పనిలేదు.

డ్రైవర్‌తో ఆమె అన్నది ఒక్కటే: స్పీడ్ వద్దు, కుదుపు వద్దు. తల ముందువైపు పెట్టి పడుకోబెట్టిన మనిషికి బండి ఒక్కసారి లాగితే రక్తం కాళ్లవైపు జారి బీపీ పడుతుంది. వేరేవాళ్లకైతే సెలైన్ ఇవ్వొచ్చు. నాన్నకు ఇస్తే ఆ నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకే.

పొటాషియానికి నర్సింగ్ హోమ్‌లో కాల్షియం, ఇన్సులిన్, గ్లూకోజ్ ఇచ్చారు. కాల్షియం పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాస్తుంది, అదీ అరగంట నుంచి గంట. ఇన్సులిన్ దాన్ని కణాల్లోకి నెడుతుంది, ఒంట్లోంచి పంపదు. పైగా కిడ్నీ లేని మనిషిలో ఇన్సులిన్ ఎక్కువసేపు పనిచేస్తూనే ఉంటుంది. మత్తులో ఉన్న మనిషి తూలడు, తికమకగా మాట్లాడడు, షుగర్ పడిపోయినా ఎవరికీ తెలీదు. ఆమె అరగంటకోసారి వేలు గుచ్చి చూసింది. శ్రీకాకుళం దాటాక షుగర్ 62 వచ్చింది. విశాఖ ఐసీయూ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పి, 25 శాతం గ్లూకోజ్ 100 మిల్లీలీటర్ల సీసా కాకుండా 50 శాతం గ్లూకోజ్ 50 మిల్లీలీటర్లు సెంట్రల్ లైన్‌లో (పెద్ద సిరలోకి వేసిన గొట్టం) ఇచ్చింది. అదే చక్కెర, సగం నీళ్లు.

నాతవలస టోల్ దగ్గర ప్రెజర్ అలారం మోగింది. బండి పక్కకు ఆపించింది. ఆక్సిజన్ నూటికి నూరు చేసి, ట్యూబ్ గుర్తు చూసి, ఛాతీ రెండు వైపులా లేస్తోందా చూసి, సక్షన్ పైపుతో లాగితే చిక్కటి కఫం గడ్డ వచ్చింది. ప్రెజర్ దిగింది. బెల్టు పెట్టుకుని కూర్చున్నాకే బండి కదలమంది.

ఇవన్నీ ఆమెకు వచ్చిన పని, బాగా చేసింది అనుకోవచ్చు. నన్ను కుదిపేసింది వేరే ఉంది. మత్తులో, కండరాలు కదలకుండా మందు ఇచ్చి ఉన్న నాన్నతో ఆమె దారంతా మాట్లాడింది. "బాబాయ్, గతుకొస్తంది, కంగారు పడకు." "బాబాయ్, గొంతులో పైపు ఏస్తన్నాను, దగ్గొచ్చినట్టుంటది, అయిపోద్ది." కదల్లేని మనిషికి చెవులు పనిచేస్తుండొచ్చని మాకందరికీ పాఠంలో చెబుతారు. డ్యూటీలో ఎంతమందిమి గుర్తుపెట్టుకుంటాం? ప్రతి పావుగంటకు బీపీ రాసుకుంటూ, ఎడమ మోచేతి దగ్గర రెండు వేళ్లు ఆనించి, ఫిస్టులా అదురు తెలిసిందని టిక్కు పెట్టుకుంది. ఆ కాగితం మీద దానికి గడే లేదు, పెన్నుతో తనే ఒక గీత గీసుకుంది. అక్కడ ఏడ్చేశాను. ఆమె చూసి ఏమీ అనలేదు, దూది ప్యాకెట్ ఇటు జరిపింది.

విశాఖలో అప్పగించేటప్పుడు కూడా ఆసుపత్రి పంపు మొదలుపెట్టించి, బీపీ కాస్త లేచాకే తన పంపు ఆపింది. చెప్పినవి నర్సుతో తిరిగి చెప్పించుకుంది. ఫిస్టులా చెయ్యి చూపించి మరీ వెళ్లింది.

ఇప్పుడు ఒక మాట చెప్పకుండా ఉండలేను. 2005 ఆగస్టు 15న 108 మొదలయ్యాక ఇంటి నుంచి మొదటి ఆసుపత్రికి దారి తేలికైంది. అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి వెళ్లే రెండో ప్రయాణం ఎవరి బాధ్యతో ఇప్పటికీ తేలదు. వెంటిలేటర్ బెడ్ ఎక్కడ ఖాళీ ఉందో చెప్పే ఒక్క నంబరు మాకు దొరకలేదు, ఒక్కో ఆసుపత్రికీ విడిగా ఫోన్ చేసుకున్నాం. ఒకచోట బెడ్ ఉందన్నారు, అడ్వాన్స్ కట్టేలోపు లేదన్నారు. రిఫరల్ కాగితం మీద రెండు లైన్లు, ఇన్సులిన్ ఏ టైముకు ఇచ్చారో లేదు. ఆ చెల్లి నర్సును అడిగి రాసుకోకపోయుంటే? బండి మీద ఐసీయూ అని రాసి ఉంటే చాలనుకుంటున్నాం, లోపల కూర్చునేది ఎవరని అడగడం లేదు. ఇంత చదువు, ఇంత చేయి ఉన్న అమ్మాయికి మళ్లీ వెంటనే ఇంకో కాల్ వచ్చింది. అన్నం తినిందో లేదో తెలియదు.

అయ్యో, డ్రైవర్ తమ్ముడిని మర్చిపోతున్నాను. 180 కిలోమీటర్లు గట్టిగా ఒక్క బ్రేకు వేయలేదు. సిలిండర్ తాళం కోసం పరిగెత్తి, ఆ బరువైన డి టైప్‌ను ఒక్కడే దొర్లించుకొచ్చిన నర్సింగ్ హోమ్ కుర్రాడికి కూడా. నాన్న డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు), చివరి డయాలసిస్‌లో ఎంత నీరు తీశారో ఫోన్‌లో చెప్పిన డయాలసిస్ టెక్నీషియన్ గారికి. ర్యాంప్ ముందు బైకులు తీయించిన సెక్యూరిటీ పెద్దాయనకు. రాత్రి టీ డబ్బులు తీసుకోని క్యాంటీన్ అమ్మకు.

ఇంకొకరు: ఐసీయూ బయట పక్క కుర్చీలో కూర్చుని నాకు ఫోన్ ఛార్జర్ ఇచ్చిన పార్వతీపురం అన్నయ్యా, మీరు కనిపించలేదు. ఛార్జర్ రెండో అంతస్తు సెక్యూరిటీ టేబుల్ దగ్గర ఇచ్చాను, అడిగి తీసుకోండి. మీ అమ్మగారికి ఎలా ఉందో చెప్పండి.